బావమరిది పట్టుకున్న తాడు

మొన్న ఎండాకాలంలో ముంజలు బేరమాడాను. డజను వంద అంటే ఎనభైకి ఇమ్మన్నాను. బేరం లేకుండా కొనడం మన ఇంటా వంటా లేదు కదా! చీరల కొట్లో "ఒకటే ధర" అని అట్టముక్క వేలాడదీస్తే నోరు మూసుకుని బిల్లు కట్టేస్తాం. నగల కొట్లో తరుగని, మజూరీ అని వాళ్లు ఎంత వేస్తే అంత. మన నోరు లేచేది ముంజల గంప దగ్గరా, ఆకుకూరల బండి దగ్గరా. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసీ ఆడతాను.

ఆ ముంజలమ్మ నాకు కొత్త కాదు. ఏటా వేసవిలో భువనగిరి వైపు నుంచి గెలలు తెచ్చి మా ఉప్పల్ రోడ్డు పక్క చెట్టు నీడన కూచుంటుంది. మొగుడు కత్తితో కాయ చెక్కితే, ఆమె ముంజ చితక్కుండా బొటనవేలితో తీసి ఆకులో పెట్టేది. ఈసారి మొగుడు లేడు. పన్నెండేళ్ల కొడుకు కత్తి పట్టుకుని కూచున్నాడు. వాడి వేలు ఎక్కడ తెగుతుందోనని నా గుండె దడదడలాడింది.

"మీ ఆయన రాలేదే ఈసారి?"

"యాడొస్తడక్కా! సంక్రాంతి పోయిన వారానికి చెట్టు మీదికెల్లి పడ్డడు. నడుముల బొక్క ఇరిగింది, మడిమె పగిలింది. నాలుగు నెలలాయె, మంచంలనే ఉన్నడు."

"అయ్యో! మరి ఆస్పత్రి?"

"ఆరోగ్యశ్రీల ఆపరేషన్ చేసిండ్రు. రాడ్లేసిండ్రు. పైసలు తీసుకోలే, అబద్ధమెందుకు జెప్పాలె. ఇంటికొచ్చినంక మొదలాయె గోస. ఇంట్ల బియ్యం, పిల్లల ఫీజులు, మూడు రూపాయల మిత్తికి అప్పు."

"మరి చెట్టు మీంచి పడితే ప్రభుత్వం డబ్బిస్తుందట కదా?"

"సచ్చిపోతే ఇస్తరు. ఇగ లేవడు అని రాస్తే ఇస్తరు. ఈయినె మల్ల నడుస్తడని రాసిండ్రు డాక్టర్లు. నడుస్తడు నిజమే. నడిస్తే చెట్టెక్కుతడా అక్కా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటికే డజను ముంజలు నా సంచిలో పడ్డాయి, ఎనభై రూపాయలకే. మిగిలిన ఇరవై ఇచ్చేద్దామని చెయ్యి లేవనూ లేచింది. మళ్లీ ఆమె ఏమనుకుంటుందో అనుకుని వెనక్కి తీసుకున్నాను. మధ్యతరగతి చెయ్యి! దానం చెయ్యడానికి బిడియం, బేరమాడడానికి లేదు.

ఇంటికొచ్చేసరికి మావారు కళ్లజోడు ముక్కు మీదికి దించి ఆరోగ్య బీమా కాగితాలు చూస్తున్నారు. పాలసీ రెన్యువల్ రోజులు. మా అబ్బాయి ఆ మధ్యే స్నేహితులతో రుషీకేశ్ వెళ్లి, గంగలో రబ్బరు పడవ ఎక్కి, సుడుల్లోంచి కేకలు పెడుతూ వచ్చాడు. ఆ వీడియో చూసినప్పటినుంచి ఈయనకి బెంగ. "ఒకవేళ ఏమన్నా అయ్యుంటే బీమా ఇచ్చేవారా?" అని ఏజెంటుని అడిగారు. ఏజెంటు నవ్వి, "మీవాడు సరదాకి వెళ్లాడు కదండీ, ఏం భయం లేదు. అదే పనిగా చేసేవాళ్లకే ఇబ్బంది" అన్నాడట.

అదే పనిగా చేసేవాళ్లంటే ఎవరు? చదువు బి.ఏ. అయినా, నవలలు రాసి పూట గడిచేదాన్ని అయినా, అచ్చులో ఉన్న మాట అర్థం చేసుకునేపాటి ఓపిక నాకుంది. కాగితం లాక్కుని చదివాను. 2019లో బీమా నియంత్రణ సంస్థ, ఏయే సందర్భాల్లో డబ్బు ఇవ్వనక్కరలేదో కంపెనీలన్నిటికీ ఒకే మూసలో మాటలు రాసిచ్చింది. ఆ మాటలే ఇప్పటికీ చాలా పాలసీల్లో కనబడతాయి. అందులో తొమ్మిదో అంకె దగ్గర ఉంది సంగతి. కొండలెక్కడం, పడవల్లో సుడులు దాటడం, లోతు సముద్రంలో మునగడం, గాలిలో తేలడం వంటి సాహస క్రీడల్లో "వృత్తిగా" పాల్గొని దెబ్బ తగిలితే ఆ వైద్యం ఖర్చు ఇవ్వరు. వృత్తిగా! ఆ ఒక్క మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

మీరే ఊహించుకోండి. ఒకటే పడవ. ఒకటే సుడి. పడవ బండకి కొట్టుకుని ఇద్దరికి చేతులు విరిగాయి. ఒకడు మా అబ్బాయి, డబ్బిచ్చి పడవెక్కినవాడు. రెండోవాడు తెడ్డు పట్టుకుని, "భయపడకండి, గట్టిగా పట్టుకోండి" అని మా అబ్బాయికి ధైర్యం చెప్పిన కుర్రాడు. మావాడు ఏడాదికి ఒకసారి ఎక్కుతాడు. ఆ కుర్రాడు రోజుకి నాలుగుసార్లు. మావాడి చెయ్యి కంపెనీ అతికిస్తుంది. ఆ కుర్రాడు కూడా మాలాగే ప్రీమియం కట్టి అదే పాలసీ తీసుకుని ఉన్నా సరే, అతని చెయ్యి అతనే అతికించుకోవాలి. యజమాని పుణ్యాత్ముడై వేరే ప్రమాద బీమా చేయించి ఉంటే అది వేరే మాట. సరదాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటే సానుభూతి, కూటికోసం తెచ్చుకుంటే "మినహాయింపు." ఇదెక్కడి న్యాయం?

"అది లెక్కండీ, న్యాయం కాదు" అన్నారు మావారు. బ్యాంకులో పనిచేసే మనిషి. రోజూ ప్రమాదంలో ఉండేవాణ్ణి అందరితో కలిపి లెక్కేస్తే కంపెనీ మునుగుతుందట. సరే, ఒప్పుకుంటాను. ప్రమాదం ఎక్కువైతే ప్రీమియం ఎక్కువ తీసుకోమనండి. అది లెక్క. తలుపే మూసేస్తే దాన్ని లెక్క అనరు. వ్యక్తిగత ప్రమాద బీమాలో ఆ పద్ధతి ఉండనే ఉంది. మనుషుల్ని మూడు తరగతులు చేశారు. గుమస్తాలు, టీచర్లు, వకీళ్లు, డాక్టర్లు మొదటి తరగతి. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు, డ్రైవర్లు రెండు. గనుల్లో దిగేవాళ్లు, పేలుడు మందుతో పనిచేసేవాళ్లు, హైటెన్షన్ తీగల మీద పనిచేసేవాళ్లు, సర్కస్ వాళ్లు, గుర్రపు పందేల జాకీలు మూడు. తరగతి పెరిగినకొద్దీ ప్రీమియం పెరుగుతుంది.

ఆ మూడో తరగతి జాబితా తీరిగ్గా చదివితే భలే తమాషాగా ఉంటుంది. అందులో పోలో ఆడేవారున్నారు, మంచు మీద జారేవారున్నారు, పెద్ద జంతువుల్ని వేటాడేవారు కూడా ఉన్నారు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లోనే వచ్చిన దేశంలో వేట దొరగారికి ఇంకా ఒక గడి ఖాళీ ఉంచారన్నమాట! నేను చూసిన కాగితంలో తాటిచెట్టెక్కేవాడు మాత్రం ఎక్కడా లేడు. ఎవరో ఇంగ్లీషు దొర రాసిపెట్టిన జాబితాని వీళ్లు కాపీ కొట్టారేమోనని నా అనుమానం.

మనకేం పట్టింది అంటారా? మనమూ ఒకప్పుడు ఇలాంటి గడుల్లోనే కూచున్నాం, మరిచిపోయారు. జీవిత బీమా వారు చాలాకాలం ఆడవాళ్లను మూడు తరగతులు చేశారు. సంపాదించుకునే ఆడది ఒకటి, ఆస్తి మీద రాబడి ఉన్న ఆడది రెండు, ఇంట్లో అన్నం వండే ఆడది మూడు. మూడో తరగతికి సవాలక్ష షరతులు. వండి వార్చే మనిషి పోతే ఆ ఇంటికి పైసా నష్టం లేదని వారి లెక్క. ఆ లెక్క కూడా మహా మేధావులు వేసిందే.

ఇంకో సంగతి. జీవిత బీమా సంస్థ ఒక చవక పాలసీని ప్రభుత్వ, అర్ధ ప్రభుత్వ, పేరున్న వ్యాపార సంస్థల ఉద్యోగులకే అమ్ముతామని షరతు పెడితే, ఒక వినియోగదారుల సంఘం కోర్టుకెక్కింది. 1995లో సుప్రీంకోర్టు ఆ షరతు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. నెలజీతం ఉన్నవాడికే బీమా, లేనివాడు బయట నుంచోవాలి అంటే కుదరదని తేల్చింది. ఇన్నేళ్లయ్యాక కూడా మన తెడ్డు కుర్రాడు బయటే నుంచున్నాడు.

ఇక మన ముంజలమ్మ ఇంటికి వద్దాం. ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని అంటే నా నోరు పోతుంది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెంచారు. ఆమే చెప్పింది కదా, ఆపరేషన్‌కి పైసా అడగలేదని. అది చిన్న సంగతి కాదు. 2018లో రైతుబీమా వచ్చింది. పట్టా ఉన్న రైతు పద్ధెనిమిదికీ యాభైతొమ్మిదికీ మధ్య వయసులో ఏ కారణంతో కన్నుమూసినా ఇంటికి ఐదు లక్షలు, ప్రీమియం ప్రభుత్వానిదే. అదే పద్ధతిలో గీత కార్మికులకూ బీమా అని 2023లో ప్రకటించారు. 2024లో వాళ్ల దేవుడు కాటమయ్య పేరు పెట్టి, జారినా పడిపోకుండా పట్టి ఆపే కిట్లు పంచడం మొదలుపెట్టారు. మంచి పని. ఇంటింటికీ చేరితే ఇంకా మంచి పని.

కేంద్రం వారి సురక్షా బీమా ఒకటుంది. 2015లో ఏడాదికి పన్నెండు రూపాయలతో పెట్టారు, 2022 నుంచి ఇరవై చేశారు. అవును, నేను ముంజల దగ్గర మిగుల్చుకున్న అదే ఇరవై. ప్రమాదంలో పోతే రెండు లక్షలు. రెండు కళ్లు గాని, రెండు చేతులు గాని, రెండు కాళ్లు గాని పోయినా రెండు లక్షలే. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పనికిరాకుండా పోతే ఒక లక్ష. మరి నడుము విరిగి నాలుగు నెలలు మంచాన పడి, మళ్లీ కర్ర పట్టుకుని లేస్తే? ఏమీ లేదు. అవయవాలు లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయిగా వెళ్లిరమ్మంటారు.

చూశారా! ఒక పథకం ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఇంకొకటి శ్మశానం గేటు దగ్గర మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో మంచం మీద మగవాడు, పొయ్యి దగ్గర ఆడది, బడికి పోవలసిన పిల్లలు ఉన్నారు. నాలుగు నెలలపాటు ఆ ఇంటికి బీమా ఎవరంటే, ఆ ఆడదే. ఆమె పుస్తె, ఆమె కూలి, ఆమె తెచ్చిన మిత్తి. ఏ కంపెనీ అమ్మని పాలసీ అది. ప్రీమియం మాత్రం ఆమె ఒంట్లోంచే పోతుంది.

ఇవ్వడం అసాధ్యమా అంటే, కాదు. నీడపట్టున ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి మన దేశం ఎప్పుడో ఇచ్చింది. 1948లో వచ్చిన ఇఎస్ఐ చట్టం చూడండి. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే వైద్యం ఒక్కటే కాదు, పనిలోకి రాలేని రోజులన్నిటికీ కూలిలో తొంభై పైసల వంతు చేతికిస్తారు. 2025 నవంబరు నుంచి అది కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. కానీ దానికి ఒక యజమాని ఉండాలి, ఒక హాజరు పట్టీ ఉండాలి. తాటిచెట్టుకి హాజరు పట్టీ ఏది? ఆంధ్రలో 2019 డిసెంబరులో, ఆపరేషనై ఇంట్లో కోలుకుంటున్న బీదవాళ్లకి రోజుకి రెండువందల ఇరవై ఐదు, నెలకి ఐదువేలు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. ఏ పార్టీ పెట్టిందన్నది నాకు అక్కరలేదు. దెబ్బ తగిలినవాడికి కుట్లే కాదు, కూడు కూడా కావాలని ఎవరికో ఒకరికి తోచింది. అది నాకు ముఖ్యం.

చీటీ లెక్క మనకు తెలియనిదా! ఇరవైమంది ఆడవాళ్లం నెలనెలా వెయ్యి వేస్తాం. ఎవరింట్లో ఆపద వస్తే వాళ్లు ముందు ఎత్తుకుంటారు. "నీ ఇంట్లో రోగాలెక్కువ, నువ్వు చీటీలో వద్దు" అని ఏ ఇల్లాలైనా అందా? అనగలదా? ఆపద రానివాళ్లు ఆపద వచ్చినవాళ్లను మోస్తారు కాబట్టే అది చీటీ. ఆపద రానివాళ్లనే ఏరుకుని చేర్చుకుంటే దాన్ని వ్యాపారం అంటారు. వ్యాపారం చేసుకోండి, కాదనను. కానీ దానికి "భద్రత", "రక్ష", "భరోసా" అని పేర్లు పెట్టకండి.

"వాళ్లు ఆ వృత్తి మానేయవచ్చుగా" అని మా పక్కింటావిడ అంది. ఆవిడ మంచిదే. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతిలో నా ముంజలే ఉన్నాయి.

భువనగిరి అంటే ఇంకోటి గుర్తొస్తోంది. ఆ కోట ఉన్న ఏకశిల మీద కొండలెక్కడం నేర్పుతారు. పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిందే, తోటి విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడే, వాళ్లు ఆ బండ మీద తాడు పట్టడం నేర్చినవాళ్లే. మనందరం గర్వపడ్డాం, పడాలి కూడా. ఆ బండ చుట్టుపక్కల ఊళ్లలోనే ఒక మోకు, ఒక ముత్తాదు పెట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నలభై యాభై అడుగులు ఎక్కే మనుషులున్నారు. వాళ్లకి జెండా లేదు, ఫోటో లేదు. ఏడాది మొత్తం మీద వాళ్లు ఎక్కిన అడుగులు కూడితే ఎన్ని ఎవరెస్టులవుతాయో మావారినే లెక్కకట్టమన్నాను. కాలిక్యులేటర్ తీశారు గాని పైకి చెప్పలేదు.

నల్లమల చెంచుల గురించి ఒక మాట విన్నాను. కొండచరియల కింద పట్టిన తేనె కోసం పైనుంచి తాడు వేసుకుని దిగుతారు. కింద లోయ. చుట్టూ తేనెటీగలు. పైన ఆ తాడు ఎవరికి పడితే వారికి ఇవ్వరట. బావమరిదే పట్టుకోవాలట. సొంత అన్నదమ్ముణ్ణయినా నమ్మరు, వాడికి వాటాల గొడవ ఉండవచ్చు. బావమరిది మాత్రం చెయ్యి వదలడు. వదిలితే ముత్తయిదువతనం పోయేది తన తోడబుట్టినదానికి.

ఏ కంపెనీ వారికీ తట్టని బీమా సూత్రం ఆ అడవిలో తట్టింది. తాడు పట్టుకున్నవాడికి, కింద వేలాడేవాడు బతకడం వల్ల ఏదో అక్కర ఉండాలి. మన బీమాలన్నిటిలో తాడు ఎవరి చేతిలో ఉంది? వదిలేస్తే తనకేమీ నష్టం లేనివాడి చేతిలో. పైగా "వృత్తిగా దిగుతున్నావు కాబట్టి వదిలేస్తున్నాను" అని ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకునేవాడి చేతిలో.

నేనేమీ అసాధ్యాలు అడగడం లేదు. ఆ తొమ్మిదో అంకెలో "వృత్తిగా" అన్న మాట తీసేయండి. తియ్యలేకపోతే, మనుషుల్ని పడవెక్కించి డబ్బు వసూలు చేసే ప్రతి యజమానీ తన తెడ్డు కుర్రాడికి బీమా చేయించనిదే లైసెన్సు ఇవ్వకండి. చెట్టెక్కేవాడికి, తేనె తీసేవాడికి, కరెంటు స్తంభమెక్కే కాంట్రాక్టు కుర్రాడికి, సముద్రం మీదికి పోయేవాడికి పోయినప్పుడు ఇచ్చేది ఎలాగూ ఇవ్వండి, పడ్డప్పుడు కూడా ఇవ్వండి. మంచం మీద ఉన్నన్ని రోజులు కూలి ఇవ్వండి. ఇంకొకటి. "నడుస్తాడా" అని కాదు, "తన పని మళ్లీ చెయ్యగలడా" అని డాక్టరు గారిని రాయమనండి. గుమస్తాకి మడమ పగిలితే కుర్చీ ఉంటుంది. చెట్టెక్కేవాడికి మడమే కుర్చీ.

నిరుడు, అంటే 2025 సెప్టెంబరు 22 నుంచి, వ్యక్తులు తీసుకునే ఆరోగ్య బీమా ప్రీమియం మీద పద్ధెనిమిది శాతం జీఎస్టీ ఎత్తేశారు. మా ఇంట్లో ఆ రోజు పాయసం ఒక్కటే తక్కువ. మనలాంటివాళ్లం గట్టిగా అడిగాం, మనకు దొరికింది. ఆ గొంతులో కొంచెం వీళ్లకోసం కూడా వాడితే అరిగిపోతుందా?

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. రెండు డజన్లు అడిగాను, ధర అడగలేదు. ఆమె అనుమానంగా చూసింది. నేను బ్యాంకు నుంచి ఆ ఇరవై రూపాయల బీమా కాగితం తీసుకెళ్లాను. ఆయనకి ఇప్పటికే జరిగినదానికి పైసా రాదని చెప్పాను. ఆమెకి, ఇంట్లో పెద్దవాళ్లకి ఉంచుకోమన్నాను. ఖాతాలో ఏటా మే నెలాఖరుకి ఇరవై రూపాయలు ఉండేట్టు చూసుకోమన్నాను. ఆ కాగితాన్ని ముంజల తడి తగలకుండా మడిచి కొంగున కట్టుకుంది.

"అవునూ, మీ ఆయన మంచంలో ఉంటే ఈ గెలలు ఎవరు కోస్తున్నారు?" అన్నాను.

"మా తమ్ముడక్కా. హైదరాబాద్‌ల ఆటో నడిపేటోడు. బావ పడ్డంక ఊరికొచ్చి ఈయిన చెట్లే ఎక్కుతుండు. ఎవలన్న ఎక్కాలె గద."

"కొత్త కిట్టు ఇచ్చారా అతనికి?"

"ఇంక రాలే. పేరు రాసుకపోయిండ్రు."

"మరి దేంతో ఎక్కుతున్నాడు?"

"గదే మోకు అక్కా. మా ఆయినది."